మా ఫ్రెండుకో సందేహం డాక్టరుగారూ

ఆ రోజుల్లో నాకు సందేహాలకి కొదవ లేదు, అడగడానికే మనుషుల్లేరు. (మిగతా అమ్మాయిలకి అమ్మలూ, అక్కలూ, వదినలూ ఉండేవారు కాబోలు.) అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నా, ఇద్దరన్నయ్యలూ పెంచిన ఇంట్లో జ్వరమొస్తే మాత్ర దొరికేది గానీ, అంతకు మించి ఒంటి సంగతులేవీ మాటల్లోకి వచ్చేవి కావు. అలా పెరిగి, ఇరవైనాలుగేళ్ళకి బ్యాంకు ఉద్యోగం సంపాదించి, తుని నుంచి చోడవరం వచ్చి ఓ మామ్మగారి ఇంట్లో పక్క వాటా అద్దెకి తీసుకున్నాను. మామ్మగారికి అరవై దాటాయి. భర్త పోయారు, పిల్లల్లేరు. ఆవిడ వాటాలో ఒక టీవీ, నా వాటాలో ఒక టీవీ, మధ్యలో సన్నటి గోడ. ఎదురుపడితే "తిన్నావేటే?" అనేవారు, "తిన్నానండీ" అనేదాన్ని. ఆదివారాలైతే రోజు మొత్తానికీ నేను మాట్లాడే మాట అదొక్కటే.

అప్పట్లో నేనెంత సన్నగా ఉండేదాన్నంటే, గోవాడ ఫ్యాక్టరీకి చెరకు లారీలు పోతున్నప్పుడు మా అటెండరు "మేడమ్, రోడ్డు పక్కన నిలబడకండి, కట్టలో కలిపేసి ఎత్తుకుపోతారు" అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. గదికొచ్చాక అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకునేదాన్ని. (అదొక తెలివితక్కువ పని. పక్కకి తిరిగితే కనిపించే కాస్తా కనిపించేది కాదు.) సరిగ్గా అప్పుడే ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడు, నాకు నచ్చాడు. నేనూ నచ్చానన్నాడు. కానీ చూసి వెళ్ళేటప్పుడు వాళ్ళ పెద్దమ్మ వాకిట్లో చెప్పులేసుకుంటూ, గుసగుస అనుకుని అందరికీ వినపడేలా, "గుంట మంచిదే గానీ మరీ బల్లపరుపే. రేపు పిల్లలకి పాలెక్కడ పడతాయి? మొగుడికేటి సుఖం?" అంది. ఆ మాట నాలో దిగబడిపోయింది. నన్ను చేసుకుని ఆ అబ్బాయి మోసపోతాడేమోనని జవాబు చెప్పకుండా నాన్పుతూ వచ్చాను. నాన్న ఫోన్ చేసి "ఏమ్మా, ఇష్టం లేదా?" అని అడిగితే ఏం చెప్పను?

ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో ఓ డాక్టరమ్మ వచ్చేది. దాంపత్యం గురించీ, ఒంటి గురించీ జనం ఫోన్ చేసి అడిగితే, కూర ఎలా వండాలో చెప్పినంత మామూలుగా జవాబు చెప్పేది. ఆ వేళకి మా వీధిలో టీవీలన్నీ ఒక్కసారిగా గొంతు తగ్గించేసేవి. అన్ని ఇళ్ళూ అంత నిశ్శబ్దంగా ఉన్నాయంటే అందరూ అదే చూస్తున్నారన్నమాట. ఒకరోజు తెగించి నేనూ ఫోన్ కొట్టాను. లైన్ కలుస్తుందని కలలో కూడా అనుకోలేదు. కలిసింది.

"నమస్కారమండీ, రాజమండ్రి నుంచి లక్ష్మిని. సందేహం నాకు కాదండీ, మా ఫ్రెండుకి" అన్నాను. డాక్టరమ్మ "మీ ఫ్రెండుని ఏమీ సిగ్గుపడొద్దని చెప్పండి" అంది. అడిగేశాను. పాలు పట్టడానికీ ఛాతీ కొలతకీ సంబంధం లేదనీ, పాలు తయారయ్యే ఏర్పాటు సన్నగా ఉన్నవాళ్ళకీ ఉంటుందనీ, భార్యాభర్తల సుఖం ఇష్టంలోనూ, మాట్లాడుకోవడంలోనూ ఉంటుంది గానీ టేపు పెట్టి కొలిచేది కాదనీ చెప్పింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "థాంక్సండీ, నాకిప్పుడు ధైర్యంగా ఉంది" అన్నాను. (ఫ్రెండు సంగతి ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది.) రెండు క్షణాల తర్వాత గోడ అవతల మామ్మగారి టీవీలోంచి నా గొంతే "నాకిప్పుడు ధైర్యంగా ఉంది" అంది.

గుమ్మంలో మామ్మగారు. "ఒలమ్మో! రాజమండ్రి లచ్చివి నువ్వేనేటే? ఇటు సెవిలోనూ అటు సెవిలోనూ ఒకటే గొంతు!"

నేల చీలితే బాగుండుననుకుంటూ తల దించుకున్నాను. తిడతారనుకున్నాను. ఆవిడ లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నారు. దుప్పటి ముడతలు సర్దుతూ, "నాకూ ఒకటి అడిగి పెడతావేటే?" అన్నారు.

పెళ్ళయిన కొత్తలో కడుపు పండకపోతే వాళ్ళత్తగారు "నీ ఒళ్ళు వేడి, అందుకే నిలవదు" అందిట. అంతే, మామిడిపండు మానేశారు, ఆవకాయ మానేశారు. ఇంటి వెనకే బెల్లం వండే ఊళ్ళో ఉండి బెల్లం ముక్క నోట పెట్టలేదు. అత్తగారు పోయినా, భర్త పోయినా, ఆవిడ ఇంకా మజ్జిగన్నమే తింటున్నారు.

తర్వాతి ఆదివారాలు ఇద్దరం నా మంచం మీద కూర్చుని ఫోన్ కొడుతూనే ఉన్నాం. ఓ ఆదివారం కలిసింది. ఫోన్ మామ్మగారి చేతిలో పెట్టాను. డాక్టరమ్మ అంతా విని, "ఒళ్ళు వేడి వల్ల పిల్లలు పుట్టకపోవడం అనేది లేదమ్మా. అప్పట్లో మీవారికి కూడా పరీక్ష చేయించారా?" అనడిగింది.

"ఆయన్నా?" అన్నారు మామ్మగారు. "ఆయన్నెవులూ ఏటీ అడగనేదమ్మా."

ఫోన్ నాకిచ్చేసి తన వాటాలోకి వెళ్ళారు. వెనకే వెళ్ళాను. గోడ మీద దండ వేసిన తాతగారి ఫొటో ముందు నిలబడి, "ఇన్నావా?" అన్నారు. ఆయన బతికుండగా కూడా పెద్దగా మాట్లాడేవారు కాదట. మామ్మగారు నవ్వారు, ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పూట ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. రాత్రి నాన్నకి ఫోన్ చేసి "ఇష్టమే" అని చెప్పాను.

పెళ్ళయి, బదిలీ అయి వచ్చేశాను. పాప పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి మొదట ఫోన్ చేసింది మామ్మగారికే. ఆవిడ పాపెలా ఉందని అడగలేదు. "పాలు పడ్డాయేటే?" అన్నారు. "బాగా పడ్డాయి మామ్మగారూ" అన్నాను. "ఆ డాక్టరమ్మకీ ఓ ఫోన్ కొట్టి సెప్పే. పాపం, అడిగినోళ్ళే గానీ తరవాత ఏటయిందో ఆవిడకెవులూ సెప్పరు" అన్నారు.

చెబుదామనే ఆదివారం మధ్యాహ్నం టీవీ పెట్టాను. ఆ కార్యక్రమం ఎప్పుడో ఆపేశారట. ఆ వేళకి ఎవరో నడుము తగ్గించే బెల్టు అమ్ముతున్నారు. అప్పటికి బొద్దుగా తయారైన నేను, పాపని ఒళ్ళో వేసుకుని, ఆ ప్రకటన చివరిదాకా చూశాను.