ఒంటిచేతికి తగిన మీటలు

గడ్డి కోసే యంత్రంలో కుడిచేయి పోయిన స్వరూప, మహబూబ్‌నగర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో ఎడమచేత్తోనే కోడ్ రాస్తుంది. కోడ్‌లో తనకు కావలసిన ఫంక్షన్ ఉన్న చోటికి కీబోర్డుపై ఒక్క మీటతో వెళ్లేలా, తెరిచిన ప్రతి ఫైలూ విడి ట్యాబ్‌లో నిలిచేలా, కోడ్ రాసే ఎడిటర్‌ ప్రోగ్రామును మార్చుకుంది. కంప్యూటర్లన్నీ ఒకేలా ఉండాలని మేనేజర్ శ్రీధర్ ఆ మార్పులు చెరిపేశాడు. ఒక్కో కంప్యూటర్‌ను షిఫ్టుకొకరు వాడతారన్న అతని కారణం నిజమే. కానీ ఆమెను అడగకుండా చెరిపి, పని మందగించిందని ఉద్యోగం తీసేస్తాననడం అన్యాయం.

"అందరికి ఒక్కటే సైజు చెప్పులిస్తరా సార్? నా మీటలు నాకియ్యుండ్రి, గప్పుడు నా పని చూడుండ్రి!" అంది స్వరూప.

"జర మెల్లగమ్మా, అందరు వింటున్నరు."

"విననియ్యుండ్రి! తీసేస్తనన్నది గూడ అందరి ముందలనే గద!"

ఆమె మార్పులు ఆమె వరకే ఉండేలా శ్రీధర్ ఆమెకు వేరే లాగిన్ ఇచ్చాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.