సగం లేచిన చెయ్యి

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న కాలేజీ ఊళ్లో డాక్టర్ లైసాండర్ హోయ్ట్ ఎవరి జ్వరం తగ్గించాడో ఎవరికీ గుర్తుండేది కాదు. కాలేజీలో ఫుట్‌బాల్ మొదలైన కొత్తలో, భుజం ఎముక విరిగినా చివరిదాకా ఆడి గెలిపించినవాడిగానే ఆయన అందరికీ గుర్తు. ఆ రోజుల్లో మైదానం విడిచి వెళ్లినవాణ్ణి మళ్లీ ఆటలోకి రానిచ్చేవారు కాదు. అందుకే ఆయన వెళ్లలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చేయాలని చదివినవాడు దగ్గు మందులిస్తూ ఉండిపోయాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నవంబరులో పెద్ద ఆట దగ్గర పడుతుండగా, ప్రాక్టీసులో తలకు దెబ్బ తగిలిన ఆరిన్ స్టాడ్లర్‌ను వాళ్లమ్మ హెడ్విగ్ తీసుకొచ్చింది. జట్టంతా వాడి మీదే నడుస్తోంది. వాడు వెలుతురు చూడలేకపోతున్నాడు, తిన్నది కక్కేస్తున్నాడు.

"ఈ ఏడు నీకు ఆట లేదు. మంచం దిగావంటే ఊరుకోను," అన్నాడు హోయ్ట్.

"మీరు ఎముక విరిగినా ఆడారు కదండీ?"

"అది ఎముకరా వెధవా. ఇది మెదడు."

ఆరిన్ నవ్వాడు. తల్లి నవ్వలేదు. "మీరే గట్టిగా చెప్పండి డాక్టరు గారూ. నా మాట వాడికి లెక్కలేదు. వాడి మంచం పైన గోడకి మీ ఫొటో ఉంది."

ఆ మధ్యాహ్నమే కోచ్ క్రాండల్ ఊడిపడ్డాడు. "ఏమయ్యా లైస్, కుర్రాణ్ణి ఆడపిల్లని చేస్తున్నావా? రేపు మంట దగ్గరికొచ్చి నాలుగు మాటలు చెప్పు. ఆ బెంగంతా పోతుంది."

ఆటకు ముందురోజు సాయంత్రం మైదానంలో పాత పెట్టెలు కుప్పపోసి మంట వేయడం, పాత ఆటగాడొకడు జట్టుకు మాట చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఏటా హోయ్టే చెప్పేవాడు. చప్పట్లంటే ఆయనకూ ఇష్టమే.

ఈసారి వేరే మాట చెబుదామని వెళ్లాడు.

"ఆ రోజు నేను చేసింది తెలివితక్కువ పని," అని మొదలుపెట్టాడు.

గొల్లున నవ్వారు. "ఎంత అణకువో చూడండ్రా!" అని ఎవడో అరిచాడు.

"నవ్వకండి. చూడండి, నా చెయ్యి ఇంతకంటే లేవదు." ఎత్తబోయాడు. భుజం దగ్గర ఆగిపోయింది.

వెంటనే ముందు వరుసలో ఒకడు తన చేతినీ సరిగ్గా అంతవరకే ఎత్తాడు. పక్కవాడు ఎత్తాడు. మైదానమంతా సగం లేచిన చేతులే. "ఆంబోతు! ఆంబోతు!" అది ఆయన పాత పేరు. "ఆరిన్, నువ్వు ఆడకూడదు!" అని గొంతు చించుకున్నా ఆ హోరులో ఆయనకే వినబడలేదు. స్నేహితుల భుజాల మీద ఆరిన్ ఊరేగుతున్నాడు. వాడి చెయ్యీ సగమే లేచి ఉంది, కళ్లలో నీళ్లు.

మర్నాడు ఆట మొదటి సగంలోనే ఆరిన్ పడిపోయాడు. హోయ్ట్ పరుగెత్తి వెళ్లేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

"మీ మాట కూడా వినలేదా వాడు?" అంది హెడ్విగ్.

"విన్నాడమ్మా," అన్నాడాయన.

ఆరిన్ బతికాడు. తల్లి నోట్లో పెడితే తింటాడు. మరుసటి నవంబరులో జట్టు కుర్రాళ్లు హోయ్ట్ తలుపు తట్టారు, మంట దగ్గరికి పిలవడానికి.

"ఆరిన్‌ని కూడా కుర్చీలో తీసుకొస్తామండీ. మీ పక్కనే కూర్చోబెడతాం."

ఆయన తలుపు వేసేశాడు.

"పెద్దాయనకి మొహమాటం ఎక్కువరా," అని బయట అనుకుంటున్నారు. "సాయంత్రం మళ్లీ వద్దాం."