మామగారి దగ్గర తొమ్మిదేళ్ళ డ్రమ్ము పాఠం

మా మామగారు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆదివారం ఉదయం చర్చిలో మొదటి గంట కొడుతుండగా పోయారు. ఆయన గురించి నాలుగు మాటలు రాసిస్తే భూస్థాపనకి ముందు చదువుతానని పాస్టరుగారు నన్ను అడిగారు. నేను బడిపంతులమ్మని, నాలుగు మాటలు రాయడం కష్టం కాకూడదు. అయినా "మా మామగారు" అని రాసి కొట్టేశాను, "మా గురువుగారు" అని రాసి అదీ కొట్టేశాను. చివరికి మా ఆయనే పుట్టిన ఊరూ చేసిన పనీ రాసి ఇచ్చేశారు. ఆ రోజు రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను. ఇప్పుడైనా అంతా తెలిసి రాస్తున్నానని అనుకోకండి.

నర్సీపట్నం బస్టాండు దగ్గర ఆయనకి సైకిల్ షాపు ఉండేది. ఆదివారాలూ పండగలూ చర్చిలో డ్రమ్ము వాయించేవారు. మెడకి పటకా తగిలించుకుని రెండు కర్రలతో వాయించే సైడు డ్రమ్ము అది. నేను కోడలిగా వచ్చేసరికి మా అత్తగారు పోయి ఏడాది. మా ఆయన బస్సు కండక్టరు, విశాఖపట్నం డ్యూటీకి వెళ్తే మర్నాటికి గానీ రారు. ఇంట్లో మిగిలేది మేమిద్దరమే. "కూరేటమ్మా?" అని ఆయన, "బీరకాయండి" అని నేను. అంతకుమించి మా మధ్య మాటలు ఉండేవి కావు.

ఒక సాయంత్రం అన్నం ఉడికేలోపు ఊసుపోక గరిటెతో బియ్యం డబ్బా మీద ఏదో పాట దరువు వేస్తున్నాను. అరుగు మీద నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఎవులు నేర్పేరమ్మా?"

"ఎవరూ నేర్పలేదండి."

"అదే మరి. అందుకే అలగుంది."

నాకు ఒళ్ళు మండింది. కానీ మర్నాడు ఐదు గంటలకి షాపు నుంచి వస్తూనే పెరట్లో రెండు స్టూళ్ళు ఎదురెదురుగా వేసి "రా, కూసో" అన్నారు. డ్రమ్ము నేర్చుకుంటానని నేను అడగలేదు. నేర్పుతానని ఆయనా చెప్పలేదు.

మొదటి పదిహేను రోజులూ కర్రలు ముట్టుకోనివ్వలేదు. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని పైకి లెక్కపెడుతూ పెరడంతా నడవాలి. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి, కోడలు ఏం తప్పు చేసిందోనని చెవులు కొరుక్కున్నారు. "ముందు కాలుకి రావాల, కాలుకొస్తే సేతికి అదే వస్తాది," అనేవారు. తరవాత కర్రలు ఇచ్చారు గానీ డ్రమ్ము ఇవ్వలేదు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు చెక్క మీద బిగించి దాని మీద కొట్టమన్నారు. నేను గట్టిగా పట్టుకుంటే కర్ర టక్కున ఆగిపోయేది, వదులుగా పట్టుకుంటే జారిపోయేది.

"లాంతరు గ్లాసు తుడిసినప్పుడు ఎలగ పట్టుకుంటావు? అలగ," అన్నారు. "కర్రని నువ్వు లేపకు. పడనీ సాలు. దానంతటదే లేస్తాది."

నిజంగానే లేచింది. ఆ రోజు ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

రెండు చేతులూ ఒకలా పనిచేయవు కదా, ఎడమ చెయ్యి ఎప్పుడూ వెనకబడేది. నెల్లాళ్ళు పప్పు ఎడమ చేత్తో కలపమన్నారు, నీళ్ళు ఎడమ చేత్తో తోడమన్నారు. బళ్ళో బోర్డు మీద ఎడమ చేత్తో అక్షరాలు రాస్తుంటే మూడో తరగతి పిల్లలు కిసుక్కుమని నవ్వారు. నేను తొందరపడి గబగబా వాయిస్తే ఆయన చెవి మూసుకునేవారు. "బేగి వాయించడం ఎవుడికైనా వస్తాది. నెమ్మదిగా వాయించు సూద్దాం." తప్పు పడి ఆగిపోతే మాత్రం కోప్పడేవారు. "ఆగకు. తప్పని నీకు తెలిస్తే సాలు, ఊరందరికీ తెలియక్కర్లేదు."

మూడు నెలలకి ఒక సంగతి బయటపడింది. ఆయన కుడి చేత్తో మొదలుపెడితే, ఎదురుగా కూర్చున్న నేను అద్దంలో చూసినట్టు ఎడమ చేత్తో మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఏ పాటైనా అంతే. చర్చిలో ఆయన పక్కన నిలబడి వాయించబోతే ఆయన కర్రా నా కర్రా ఢీకొన్నాయి. మొదటి నుంచీ నేర్చుకోవాలా అని ఏడుపు ముఖం పెట్టాను. ఆయన నవ్వారు. "ఎడమైతే ఏటి? పాట ఎనక్కి నడస్తాదా?" మర్నాడైనా స్టూలు పక్కకి జరుపుతారనుకున్నాను. జరపలేదు.

ఏడాది తిరిగేసరికి ఆదివారం పాటలకి నేనూ వాయిస్తున్నాను. ఎవరైనా "మీ కోడలు బాగా వాయిస్తోందండీ" అంటే ఆయన తల అడ్డంగా ఊపేవారు. "ఇంకా రాలేదండి." మొదట్లో వినయం అనుకున్నాను. మూడో ఏడు మట్టల ఆదివారం ఊరేగింపు ముందు, మీ మణికట్టు నొప్పిగా ఉంది కదా, ఇక డ్రమ్ము మీ కోడలికి అప్పగించెయ్యండని పాస్టరుగారు అందరి ముందూ అన్నారు. తెల్లచీర కట్టుకుని నేను సిద్ధంగా నిలబడి ఉన్నాను. "లేదండి, ఆవిడికి ఇంకా రాలేదు," అని పటకా తన మెడకే తగిలించుకున్నారు. ఆ నొప్పి చేత్తోనే బజారంతా వాయించారు. తప్పులు పడ్డాయి. నేను మట్ట పట్టుకుని వెనకాల నడిచాను. సిగ్గుతో కళ్ళు పైకెత్తలేకపోయాను.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు అడిగేశాను. "ఏటి రాలేదు మావయ్యా నాకు? అదైనా చెప్పండి."

"సెప్తే తెలిసేది కాదమ్మా. సాయంత్రం రా."

అలా తొమ్మిదేళ్ళు. నేను బళ్ళో పిల్లలకి ఏటా మార్కులు వేసి పై తరగతికి పంపేదాన్ని. ఇంటికొస్తే ఎన్నటికీ పాసవ్వని పిల్లని. మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఐదయ్యేసరికి స్టూళ్ళు వేసి ఉండేవి. పాఠం మధ్యలో ఆయన బలిఘట్టం తిరనాళ్ళ గురించో, అత్తగారు మొదటిసారి సైకిలెక్కి పడిపోయిన సంగతో చెప్పేవారు. నేను బడి కబుర్లు చెప్పేదాన్ని. కూర గురించి తప్ప మాట్లాడుకోని ఇంట్లో అన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు.

పోవడానికి ముందు వారం ఆయన మంచం మీద నుంచి లేవలేకపోతున్నప్పుడు, ఇక ఆగలేక అడిగాను. "మావయ్యా, నాకు వచ్చినట్టా, రానట్టా?" ఆయన కిటికీ వైపు చూశారు. "ఎన్నయింది?" "ఐదండి." "మరి కర్రలేవీ?" అన్నారు. వాయించాను. కళ్ళు మూసుకుని విన్నారు. దుప్పటి మీద ఆయన వేళ్ళు కొంచెం కదిలాయి. ఆదివారానికి వెళ్ళిపోయారు.

శవపెట్టె ముందు నడుస్తూ డ్రమ్ము నేనే వాయించాలని అందరూ అన్నారు. పటకా అందుకుని మెడకి వేసుకోలేకపోయాను. అప్పుడు బలిఘట్టం నుంచి సైకిలు మీద వచ్చిన పెళ్ళిబ్యాండు ఆయన, యాభై దాటిన మనిషి, "నేను వాయిస్తానమ్మా" అని ముందుకొచ్చారు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. మొదటి దెబ్బ ఎడమ చేత్తో వేశారు. నేను నడవడం మానేసి ఒక్క క్షణం నిలబడిపోయాను.

భూస్థాపన అయ్యాక డ్రమ్ము ఇంటికి తెచ్చింది ఆయనే. గుమ్మం దగ్గర అడిగాను. "మా మామగారి దగ్గర నేర్చుకున్నారా?"

"అవునమ్మా. కుర్రతనంలో, మూడు నెలలు. 'నీకు వచ్చీసింది, ఇంక రాకు' అనీసేరు. ఆయన పద్ధతే అంత. ఎవుడినీ నాలుగు నెలలకి మించి ఉంచలేదు. వచ్చీసిందన్నాక మళ్ళీ గుమ్మం ఎక్కనీరు. మీకెన్నాళ్ళు నేర్పేరు?"

"తొమ్మిదేళ్ళు."

ఆయన నా ముఖంలోకి చూసి తలగుడ్డ సర్దుకున్నారు. మూడు నెలల్లో అందరికీ వచ్చే విద్య నాకు తొమ్మిదేళ్ళకీ రాలేదా? లేక వచ్చిందని ఏనాడో తెలిసే ఆ మాట నోట రానివ్వలేదా? అడగవలసిన మనిషి లేరు. అప్పట్నుంచీ రెండూ నిజమే అనిపిస్తోంది. ఒక్కోసారి రెండూ కాదనీ అనిపిస్తోంది.

భూస్థాపన రోజు సాయంత్రం మా ఆయన పెట్టె మోసిన వాళ్ళని బస్సెక్కించడానికి వెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేరు. బలిఘట్టం ఆయన సైకిలు స్టాండు తీసి, పెడలు మీద కాలు పెట్టి ఆగారు.

"అమ్మా, మీరు అన్నేళ్ళు నేర్సుకున్నోరు. సెప్పండి, నేను వాయించింది బాగుందా?"

బాగుంది. చాలా బాగుంది. ఆ మాట అనేస్తే ఆయన సైకిలెక్కి వెళ్ళిపోతారు. వెనక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

"టీ పెడతానుండండి," అన్నాను.

ఆయన కాలు దించి, సైకిలుకి మళ్ళీ స్టాండు వేశారు.