పడకుండా నేర్పినదాన్ని

పడదు. ఎన్నిసార్లు చెప్పాలి? పెద్ద రైఫిల్ పేలితే ఆడపిల్ల ఎగిరి వెనక్కి పడదు. మగవాడూ పడడు. పట్టుకోవడం రానివాళ్లకి భుజం వాస్తుంది, లేదా తుపాకీ మీది టెలిస్కోప్ అంచు తగిలి కనుబొమ్మ చీరుతుంది. హీరోయిన్ ఎగిరిపడే ఆ సినిమా క్లిప్ కింద కామెంట్లలో ఈ ముక్క టైప్ చేసీ చేసీ నా బొటనవేళ్లు నొప్పెడుతున్నాయి.

నేను రైఫిల్ షూటర్ని. ఆ సినిమాలో హీరోయిన్‌కి పది రోజులు నేర్పింది నేనే. "దూరం నుంచి గురిపెట్టి కొట్టే సీను. నిజంగా కాల్చినట్టే ఉండాలి" అని ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి పిలిచి మరీ చెప్పాడు డైరెక్టర్. పాటలు తీసేస్తే సినిమా మొత్తంలో ఆమెకి మిగిలేది ఆ ఒక్క షాటే. దానికోసమే ఒప్పుకున్నానని ఆమె నాతో అంది.

మొదటిరోజు రేంజ్‌లో ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసి భుజం బిగించేది. అందరూ చేసే తప్పే. దెబ్బ కంటే భయం ముందొస్తుంది. నేను చెప్పకుండా తూటాల మధ్య ఒక ఖాళీది పెట్టాను. పేలలేదు, కానీ గొట్టం మూతి కిందికి దూకింది. తనే చూసుకుని నవ్వేసింది.

"ఛీ, తుపాకీ కాదు, నేనే ఊపేస్తున్నానన్నమాట!"

"గదే. నువ్వు దాన్తోని కొట్లాడకు. రానియ్యి, పోనియ్యి."

రైఫిల్ వెనక తిన్నగా పడుకోవాలి. తుపాకీ మడమ, అంటే దాని వెనక చివర, భుజం గుంటలో ఆనాలి. కంటికీ టెలిస్కోప్‌కీ నాలుగు వేళ్ల దూరం. నొక్కిన ట్రిగ్గర్‌ని, టెలిస్కోప్ అద్దంలో టార్గెట్ మళ్లీ కనిపించేదాకా వదలకూడదు. ఆమె భుజం నేరేడుపండు రంగు తిరిగింది. పాటలో చేతుల్లేని జాకెట్టట, మేకప్ ఆయన విసుక్కుంటూ రంగు పూశాడు. ఎనిమిదో రోజు ఖాళీ తూటా వస్తే గొట్టం వెంట్రుకంత కూడా కదల్లేదు. నిజం తూటా పేలినప్పుడు స్లో మోషన్‌లో తీశాను. భుజం అంగుళం వెనక్కి వెళ్లి మెత్తగా తిరిగొచ్చింది.

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా డాబా మీద. ఆ వీడియో డైరెక్టర్‌కి చూపించాను. రెండుసార్లు చూశాడు.

"బానే ఉందమ్మా. కానీ ఇందులో ఏం జరగట్లేదు కదా?"

"ఏం జరగకుండ చేసుడే సార్ కష్టం!"

"ఆడియన్స్‌కి అర్థం కావాలి కదమ్మా. పేలగానే అమ్మాయి ఎగిరి పడుతుంది, హీరో సార్ పట్టుకుంటారు, కళ్లూ కళ్లూ కలుస్తాయి."

"పడుకున్న మనిషి యాడికి పడ్తది సార్?"

"అందుకే నిలబెడదాం."

హీరోగారు కుర్చీలోంచే అన్నాడు, "నేను పట్టుకుంటాలెండి, ఫికర్ చేయొద్దు." చుట్టూ అందరూ నవ్వారు. అంతకుముందు షాట్‌లో అదే రైఫిల్‌ని ఆయన ఒంటిచేత్తో, ఫోన్ మాట్లాడుతూ కాల్చేశాడు. భుజం కాదు కదా, క్రాపు కూడా చెదరలేదు.

ఆమె నా వైపు చూసింది, తర్వాత డైరెక్టర్ వైపు. "సరే సార్" అంది. రెండో సినిమా పిల్ల, ఇంకేమంటుంది?

అది డమ్మీ తుపాకీ. తుమ్మినంత తోపు కూడా లేదు. తనే ఎగిరి పడాలి. పడింది. హీరోగారు కెమెరా వైపు చూస్తూ చెయ్యి ఆలస్యంగా చాచాడు. ఆమె తల పిట్టగోడకి ఠంగుమని తగిలింది. ఐసు తెప్పించారు. ఫైట్ మాస్టర్ ఆ రోజు లేడు. "నువ్వే చెప్పమ్మా, దెబ్బ తగలకుండా ఎలా పడాలో" అన్నాడు డైరెక్టర్.

అక్కడే లేచి వచ్చేయాల్సింది. కానీ మళ్లీ తల పగిలితే? గడ్డం ఛాతీకి ఆనించమన్నాను, మోకాళ్లు వదిలేయమన్నాను. అద్భుతంగా పడింది. మానిటర్ దగ్గర చప్పట్లు.

టైటిల్స్‌లో 'రైఫిల్ శిక్షణ' అని నా పేరు వేశారు. తీసేయమని ఫోన్ చేస్తే, "క్లిప్ వైరల్ అయ్యిందండీ, మీకే మంచిది" అని పెట్టేశారు. ఎనిమిదో రోజు వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. నెట్‌లో పెట్టనా అని అడిగితే, "వద్దు, నాకు ఇంకో సినిమా రావాలి" అంది ఆమె. ఆ క్లిప్ కింద నాతో వాదిస్తున్నారు కదా, పంపమంటే మీకొక్కరికే పంపుతాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక, పడిన షాటే బాగుందని నా మొహం మీద అనగలరా?