పాత విండోస్‌లో ఇరుక్కున్న మా భారతం పాటలు: ఒక సీడీ కోసం తిరుపతి ప్రయాణం

చిత్తూరు పక్కన ఉన్న మా ఊళ్లో ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి ముందర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు కథ, రాత్రి వీధినాటకం. రాజులు మీసం తిప్పి పాడుతుంటే మధ్యలో దూరి వాళ్ల పరువు తీసే హాస్యగాడి వేషం నాది. మాకు నాటకం నేర్పిన వాద్యారు మునిరత్నం పోయిన ఏడాది కాలం చేశాడు. ఆయనకు చదువు రాదు. నాకూ అయిదో తరగతితో సరి. బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు. అందుకని చాలా ఏళ్ల కిందట ఆయన పాడుతుంటే, డీటీపీ నేర్చిన ఆయన కూతురు ధనలక్ష్మి ఆ పాటలన్నీ కంప్యూటర్‌లో కొట్టి పెట్టింది. అది విండోస్ తొంభై ఎనిమిది కాలం. "అంతా పెట్టెలో భద్రంగా ఉండాది" అని వాద్యారు ఊరంతా చెప్పుకున్నాడు. కాగితం మీద అచ్చు తీయాలని ఎవరికీ తోచలేదు.

ఈ ఏడాది కుర్రాళ్లు వేషం కట్టడానికి సిద్ధమయ్యారు. పాటలు తెలిసిన పాతవాళ్లు మాత్రం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ పాత కంప్యూటర్ ఎప్పుడో పాడైపోయింది. ధనలక్ష్మి దాచిన ఫైళ్లను కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ద్రౌపది నోట్లోంచి డాలరు గుర్తులు, కొక్కేలు, చుక్కలు రాలాయి. చిత్తూరు మెకానిక్ చూసి, ఫైళ్లు చెడిపోలేదన్నాడు. ఆనాటి తెలుగు సాఫ్ట్‌వేర్ ఉంటేనే అక్షరాలు కనబడతాయట. అదేమో పాత విండోస్‌లో తప్ప నడవదట. ఆ విండోస్‌ను కంపెనీ ఎప్పుడో వదిలేసింది, ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు దుకాణమే మూసేశారు. పాత విండోస్ వేసిన కంప్యూటర్ మెకానిక్ దగ్గరే ఒకటుంది, సాఫ్ట్‌వేర్ సీడీ మాత్రం లేదు. ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా దొరకలేదు. తిరుపతిలో పాత డీటీపీ వాళ్ల దగ్గర ఉండొచ్చన్నాడు. అది దొరక్కపోతే ఈసారి వేరే ఊరి బృందాన్ని పిలవాలని పెద్దలు తేల్చేశారు. వాద్యారు పాట ఇక మా ఊళ్లో వినబడదన్నమాట.

ధనలక్ష్మీ నేనూ పొద్దున ఆరున్నరకు చిత్తూరులో బస్సెక్కాం. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా రెండు గంటల దారి. టికెట్టు నూటికి కాస్త పైన. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. శని, ఆదివారాలు కొండకు పోయే జనంతో కాలు పెట్టే సందుండదు కాబట్టి మంగళవారం చూసుకున్నాం.

"ఏమప్పా కండక్టరూ, నేను చీర కట్టుకోనొస్తే నాకూ ఉచితమేనా?" అన్నాను.

"మీసం తీసేసి రా పెద్దాయనా, ఆలోచిస్తాం" అన్నాడతను, చిల్లర చేతిలో పెడుతూ.

"సిన్నాయనా, ఊరకుండవా? బస్సంతా మనల్నే సూస్తా ఉండారు" అని ధనలక్ష్మి నా మోచేతి మీద గిల్లింది. ఆమెకు యాభై దగ్గర పడుతున్నా నాకింకా పాపే.

తిరుపతి బస్టాండ్ దగ్గర ఇడ్లీ తిని కంప్యూటర్ దుకాణాలు తిరగడం మొదలుపెట్టాం. మొదటి కొట్టులో కుర్చీలో గిర్రున తిరుగుతున్న యజమాని మా మాట విని నవ్వాడు.

"తాతా, అది నేను పుట్టకముందుది."

"నేనూ నువ్వు పుట్టకముందోణ్ణే. పని సేస్తా ఉండా గదప్పా!"

అతను ఈసారి ఇంకా గట్టిగా నవ్వి, గాంధీరోడ్డు పక్క సందులో పెళ్లిపత్రికలు కొట్టే శంకరయ్య పేరు చెప్పాడు. ఆటో అతను ఎనభై అడిగాడు. నడిస్తే పావుగంట కూడా పట్టదు. మీరు నడవండి.

శంకరయ్య నా ఈడువాడే. సాఫ్ట్‌వేర్ పేరు ధనలక్ష్మి చెప్పగానే ఆయన మొహం వెలిగింది. "యాడికి పోతాది తల్లీ? నాకు కూడు పెట్టిన బిళ్ల అది. ఈడే ఉండాది" అని లేచి దేవుడి పటాల గూట్లో చెయ్యి పెట్టాడు.

ధనలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. నేను అప్పటికే మనసులో గజ్జె కట్టేశాను.

సీడీ వచ్చింది. రెండు వైపులా గంధం, నడిమధ్య కుంకుమబొట్టు. ఆయుధపూజకు మిషన్లతోపాటు దానికీ పూజ చేస్తారట.

"రెండు పక్కలా ఎందుకు పెట్టినావప్పా?" అన్నాను.

"మెరిసే పక్కే గదా దాని మొగం!" అన్నాడు.

లోపల్నుంచి ఆయన భార్య వచ్చి గర్వంగా చెప్పింది. "ఏటేటా కుందులతో కలిపి చింతపండేసి తోముతానన్నా. సూడు, ఎట్ల మెరస్తా ఉండాదో."

నా జీవితంలో మొదటిసారి ఎకసెక్కం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ధనలక్ష్మి కొంగుతో గంధం తుడిచింది. కింద అద్దం మీద ఇసుక పోసి రుద్దినట్టు గీతలు. శంకరయ్య కొట్టులో ఉన్న కంప్యూటర్‌లో వేశాడు. అది గరగరమని తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు. నాలుగోసారి ఆయనే బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"భద్రంగా పెట్టినానే అమ్మా" అన్నాడు ధనలక్ష్మితో. "అందరూ పారేస్తే నేనొక్కణ్ణే పెట్టినానే."

"మీరేం సేస్తారు లేన్నా" అందామె. ఆయన భార్య ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాం.

తిరుగు బస్సు చంద్రగిరి దాటింది. ధనలక్ష్మి మెల్లగా అడిగింది. "సిన్నాయనా, ముప్పై ఏండ్లు మా నాయన పక్కనే నిలబడినావు గదా. ఒక పాటన్నా సెప్పు."

నోరు తెరిచాను. దుర్యోధనుడి ప్రవేశంలో నేను వేసే మాట తన్నుకొచ్చింది. "రాజా, మీసం తిప్పినావు సరే, అది ఊడి చేతికొస్తే ఏం సేస్తావు?"

ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, "దానికి ముందు నాయన ఏం పాడతాడు?" అంది.

ఎంత తడిమినా రాలేదు. తాళం గుర్తుంది, ఆయన మెడనరం ఉబ్బడం గుర్తుంది. మాటలు లేవు. ఆయన పాడుతున్నంతసేపూ తర్వాత ఏమని ఏడిపిద్దామా అనే చూస్తుండేవాణ్ణి.

మీ ఇంట్లో పాత సాఫ్ట్‌వేర్‌తో కొట్టినవేమైనా ఉంటే, ఆ కంప్యూటర్ ఇంకా వెలుగుతుండగానే అన్నీ కాగితం మీద అచ్చు తీయించండి. నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే.

అవతలివాళ్లు పాడితేనే హాస్యగాడికి పని. అది నాకు ఇన్నేళ్లకు తెలిసింది. ఈ ఎండాకాలం మా గుడి ముందర వేరే ఊరివాళ్లు ఆడతారు. నేను చాప వేసుకుని కింద కూర్చుంటాను. నాకు గుర్తున్న ఎకసెక్కాలన్నీ ఇప్పుడు ధనలక్ష్మి రోజూ కొంచెం కొంచెంగా ఫోన్‌లో కొట్టుకుంటోంది. ఒక్కోదానికి ముందు, పాట పట్టేంత చోటు ఖాళీగా వదులుతోంది.