తాయెత్తు ఉన్న చేతికి రొట్టె

పొద్దున ఐదున్నరకు కోడుమూరులో కర్నూలు బస్సెక్కాను. ఒళ్ళో చిన్న స్టీలు డబ్బా, అందులో ప్రభు భోజనపు రొట్టె. సంచీలో ద్రాక్షరసం సీసా. మా సంఘంలో మంచాన పడ్డవారికి సంఘపెద్దలే వీటిని తీసుకెళ్ళి ఇస్తారు; నేనూ ఒక పెద్దను. కడపలో ఉంటున్న సుగుణమ్మగారికి మర్నాడు గుండె ఆపరేషను. ఆ లోపల ప్రభు బల్లలో పాలుపొందాలని, అంటే ఈ రొట్టె, రసం తీసుకోవాలని కబురు పంపారు. చిన్నప్పుడు నాకు బైబిలు వాక్యాలు కంఠతా పట్టించిన టీచరు ఆమె.

కర్నూలు బస్టాండులో ఇడ్లీ తిని ఏడింటికి కడప బస్సు పట్టుకున్నాను. పొద్దున వెళ్ళేవారు కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటాక కాస్త కునుకు పట్టింది. నంద్యాలలో మహానంది నుంచి తిరిగివస్తున్న ఒకావిడ ఎక్కి పక్క వరుసలో కూర్చుంది.

"ఏమప్పా, ఆ డబ్బా అట్ల పట్టుకోనుండావు. కోడిపిల్లలుండాయా?"

"ప్రార్థన రొట్టె, అక్కా."

"అయితే డ్రైవర్ను మెల్లగ పొమ్మని నువ్వే చెప్పు. మా ఆడోళ్ళకు టికెట్టు లేదు కదా, మేం చెప్తే వినడు."

మైదుకూరు దాటాక పాస్టరుగారు ఫోను చేశారు. "సుగుణమ్మగారి చేతికి దర్గా తాయెత్తు ఉండాదంట. తీసేస్తేనే ఇయ్యి. లేకుంటే వాపసు తీసుకొనిరా."

తాయెత్తు కట్టుకున్నవారికి మా సంఘంలో బల్ల ఇవ్వరు. ఆ కట్టడి నాకు నేర్పింది కూడా సుగుణమ్మగారే.

పన్నెండున్నరకు ఆసుపత్రి చేరాను. మంచం పక్కన ఖాజాబీ ఉంది. టీచరమ్మకు పక్కింటావిడ, నెల రోజులుగా వండిపెట్టి, ఒళ్ళు కడిగి చూసుకుంటున్నది ఆమే. టీచరమ్మ మణికట్టుకు నల్లదారంతో కట్టిన తాయెత్తు.

"అది తీసేయాల, టీచరమ్మా" అన్నాను.

"నేను దాన్ని నమ్ముకోలేదు నాయనా. యాడ పోతానో అని ఏడ్చి కట్టింది ఈ పిల్ల. ఈ పిల్ల ముందరే ఎట్ల తెంపేది?"

"తీసేస్తాలేప్పా, నాకేం కోపం లేదు. అమ్మ బాగుంటే చాలు" అంటూ ఖాజాబీ ముడి మీద చెయ్యి వేసింది. టీచరమ్మ చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"వద్దు. శానా ఆశపడినా ఆ రొట్టెకు. అయినా ఇట్ల వద్దు. నువ్వు పోయిరా నాయనా."

ప్రభువును ప్రేమించమని, పొరుగువారిని ప్రేమించమని ఈ నోటే విన్నాను. రెండూ ఎదురుపడితే ఏం చేయాలో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. మోకరించాను. కళ్ళు మూసుకొని ప్రార్థన చేశాను. కళ్ళు తెరిచేసరికి ఖాజాబీ కూడా దోసిలి పట్టి కళ్ళు మూసుకొని ఉంది. డబ్బా తెరిచి రొట్టె విరిచాను. తాయెత్తు ఉన్న చేతిలోనే పెట్టాను. టీచరమ్మ ఏడుస్తూ తిని, ద్రాక్షరసం తాగారు. అది సంతోషమో, నాకేమవుతుందోనన్న బెంగో తెలియలేదు.

మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. ఆళ్ళగడ్డ దగ్గర పాస్టరుగారి ఫోను.

"తీసేసిందా?"

"లేదయ్యగారూ."

"రొట్టె?"

"ఇచ్చినా."

"ఆదివారం నువ్వు బల్ల దగ్గర నిలబడొద్దు. తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఆయన అన్నది తప్పని చెప్పలేను. నాది ఒప్పు అని కూడా చెప్పలేను.

బయలుదేరేటప్పుడు ఖాజాబీ నా డబ్బా కడిగి తిరిగిచ్చింది. ఇప్పుడు చూస్తే బరువుగా ఉంది. మూత తీశాను. మడిచిన జొన్నరొట్టె, శనగకాయల చట్నీ. కళ్ళు మూసుకొని స్తోత్రం చెప్పబోయి, ముందు క్షమించమని అడగాలేమో అనుకున్నాను. దేనికని అడగాలో తేలలేదు. ఆకలిగా ఉంది. స్తోత్రమే చెప్పి తిన్నాను.