పెద్ద అక్షరాలు చెల్లవు

కాలేజీలో పాఠాలు చెప్పి భవానీపురంలో ఇల్లు చేరాక, ఛాయాదేవి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఆమె ముక్కు చూడాలి. లినక్స్ అనే ఉచిత కంప్యూటర్ వ్యవస్థలో చేరే తెలుగు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల పేర్లు సరిచూడటం, పాడైనవాటిని బాగుచేయడం ఆమె పని. అభిమాన హీరో పేరు కాలిక్యులేటర్‌కు పెట్టినవాడొకడు, "ఫైనల్" తర్వాత "కొత్త ఫైనల్" పంపేవాడొకడు. అలాంటి పేరు కనబడగానే, మురిగిన రొయ్యలబుట్ట మూత తీసినట్టు పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. "ఛీ, కన్నపిల్లలకైతే ఇలాగే పెడతారా!" అంటుంది. పక్కనున్న కాఫీ మీద మీగడ తేలితే దాన్నీ అంతే రోతగా పక్కకు తోసేస్తుంది.

మొన్న మైలవరం నుంచి జయకృష్ణ అనే అతను ఒక ప్యాకేజీ పంపాడు. చూపు లేనివాళ్ళకు తెర మీది తెలుగును చదివి వినిపిస్తుందది. పేరు "కళ్ళు". ఇంగ్లిషు అక్షరాల్లో "ళ్ళ" పలికించడానికి పెద్ద ఎల్‌లు, అంటే క్యాపిటల్ ఎల్‌లు, రెండు వాడాడు. ప్యాకేజీ పేర్లలో పెద్ద అక్షరాలు చెల్లవు. చిన్నవి చేస్తే అది "కల్లు" అవుతుంది. ఛాయాదేవి చెంగు ముక్కు దాకా వెళ్ళింది. వెంటనే పేరు మార్చేసి, ఫోన్ చేసింది.

"తాగే కల్లు పేరుతో ఎలా పంపుతామండీ, అసహ్యంగా! 'కన్ను' అని మార్చేశాను."

అతను కోప్పడలేదు.

"మా అమ్మకి చూపు లేదండీ. ఆవిడ కోసమే రాశాను. నేను రెండు కళ్ళూ పంపిస్తే, మీరు ఒకటి పీకేశారు."

తెర మీద తను పెట్టిన కొత్త పేరు నిబంధనల ప్రకారం నిక్షేపంగా ఉంది. ఛాయాదేవి మాత్రం ముక్కు మీది చెంగు తియ్యలేదు.